సంతృప్తి విరామం

నాకు రైళ్ళంటే ప్రాణమని చెప్పగానే అందరూ ఒకటే అడుగుతారు: "అలాగా! ఎక్కడెక్కడ తిరిగొచ్చారేంటి?" ఎక్కడికీ తిరగలేదండి. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తాను. ఇంజను నంబరు రాసుకుంటాను, అది ఏ షెడ్డుదో చూస్తాను, ఫోటో తీస్తాను, ఇంటికొచ్చి కాఫీ తాగుతాను. ఇందులో అర్థం కానిది ఏముందో నాకిప్పటికీ అర్థం కాదు. మా ఆవిడ వకుళ పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగింది. "గుళ్ళోకెళ్తే పుణ్యం, సినిమాకెళ్తే కాలక్షేపం. ఇంజన్ని చూస్తే ఏవొస్తుందండీ?" అంది. "నంబరొస్తుంది" అన్నాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళపాటు ఈ విషయమై ఇంకేమీ అడగలేదు.

మాది పూలతిప్ప. గోదావరి పాయకి ఇవతల చిన్న స్టేషను, దానికెదురుగా నా జిరాక్సు కొట్టు. పాయకి అవతల కోటవరం జంక్షను. రోడ్డు వంతెనని మరమ్మతుకని మూసేసి మూడేళ్ళయింది. మరమ్మతు ఎప్పుడు మొదలవుతుందండీ అని అడిగితే, మూయడమే మొదటి దశ అన్నారు. అంచేత కోటవరం వెళ్ళాలంటే దాని పక్కనున్న రైలు వంతెన మీదుగా రైలే గతి. పొద్దున్న ఏడూ పది పాసింజరు ఎక్కితే ఎనిమిదికల్లా అక్కడ దిగొచ్చు. సాయంత్రం అదే పాసింజరు అయిదూ ఇరవైకి మళ్ళీ మా ఊరొస్తుంది. వకుళ కోటవరం బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. రెండేళ్ళుగా ఇన్‌ఛార్జి హెడ్మిస్ట్రెస్ కూడా. స్కూలు మొదటి గంట ఎనిమిదీ నలభై అయిదుకి. ఈ టైములు గుర్తుపెట్టుకోండి, మా సంసారమంతా వీటి మీదే నడిచింది.

ఇక మా సంఘం. పేరు పట్టాల ప్రేమికుల సంఘం. ఫోన్లో ఒక గ్రూపు, అందులో రెండు వందల పన్నెండు మంది సభ్యులు. నేను కార్యదర్శిని. అధ్యక్షులు చయనులు గారు. రిటైరైన పోస్టుమాస్టరు, డెబ్భై నాలుగేళ్ళు, చూసిన ప్రతి రైలూ రాసుకున్న నలభై మూడు నోటుపుస్తకాలు ఆయన ఆస్తి. ఎవరు ఏ రైలు చూసినా గ్రూపులో పెట్టాలి. దీన్ని మేం దర్శనం అంటాం. కళ్ళారా చూడనిది రాయకూడదన్నది మొదటి నియమం. ఒకాయన కూత విని ఇంజను నంబరు ఊహించి రాశాడని తెలిసి చయనులు గారు ఆయన్ని ఆర్నెల్లు గ్రూపులోంచి తీసేశారు. ఆ మనిషి స్వయానా చయనులు గారి తోడల్లుడు. అయినా సరే.

మా ఆనందాలు మామూలు ప్రయాణికుల ఆనందాల్లాంటివి కావు. రైలు దారిలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు తిట్టుకుంటారు. గట్టు మీదున్న మాకు అదే పండగ. కదిలే రైలుకి ఒక్క ఫోటో వస్తుంది, ఆగిన రైలుకి నలభై వస్తాయి. పాసింజరుకి రోజూ వచ్చే ఇంజను చెడిపోయి దాని బదులు ఎక్కడో ఉత్తరాది షెడ్డు ఇంజను తగిలించారనుకోండి, ఆ రోజు గ్రూపులో స్వీట్ల బొమ్మలే బొమ్మలు. పాసింజరుని పక్కకి నెట్టి గూడ్సు దూసుకుపోతే, "జన్మ ధన్యం" అని రాసేవాళ్ళు కనీసం పాతికమంది ఉంటారు.

ఇలా ఉండగా మా డివిజనుకి పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. ఏడాది తిరిగేసరికి ప్రయాణిక సంతృప్తి సూచిక తొంభై అయిదుకి చేరాలట. ఇందుకోసం ఫోన్లో ఒక ఫారం పెట్టారు. అయిదు నక్షత్రాలు, కింద అభిప్రాయానికి నాలుగు వరుసలు. జనం శ్రద్ధగా నింపారు. అందరూ ఒక్కొక్క నక్షత్రం ఇచ్చి, కింద నాలుగు వరుసల్లోనూ రాయకూడనివన్నీ రాశారు. సూచిక పదకొండు దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఎవరి కంటబడిందో గానీ, ఆ బూతుల మధ్యలో రెండు వందల పన్నెండు ఫారాలు మాత్రం అయిదేసి నక్షత్రాలతో మెరిసిపోతున్నాయి. అన్నీ మావే.

వారం తిరక్కుండా డివిజనల్ ప్రయాణిక సంతృప్తి అధికారి శ్రీ విశ్వరూపం గారు పూలతిప్పకి వేంచేశారు. తెల్ల సఫారీ, చేతిలో తోలు ఫైలు. పాసింజరుని నమ్ముకుంటే మీటింగు టైముకి అందదని పట్టాల మీద తోపుడు ట్రాలీలో వచ్చారు. వెయిటింగు రూములో మమ్మల్ని కూర్చోబెట్టి, స్టేషన్ మాస్టారు దైవసహాయం గారిని తలుపు దగ్గర నిలబెట్టి, గొంతు సవరించుకున్నారు.

"సదరు సంఘ సభ్యుల యొక్క సంతృప్తికి గల మూలకారణమును గుర్తించి, దానిని డివిజను మొత్తానికి విస్తరింపజేయవలెనన్నది శాఖ యొక్క సంకల్పం. తమరు దేనివల్ల ఆనందిస్తున్నారు?"

చయనులు గారికి అబద్ధం చెప్పడం రాదు. "ఆగడమండి" అన్నారు.

"అనగా?"

"రైలు ఆగిపోతుంది చూశారూ, మరీ ముఖ్యంగా వంతెన మీద. అబ్బ! ఆ అందం వేరండి. ఇంకోటి, రావాల్సిన ఇంజను రాకుండా ఇంకోటేదో వస్తుందే, అదీను."

విశ్వరూపం గారు రెండూ రాసుకున్నారు. అప్పుడు నేను అడ్డుపడి, "అయ్యా, ఇది మా పిచ్చండి, అందరికీ వర్తించదు" అనాల్సింది. అనలేదు. పైగా ఉత్సాహం ఆపుకోలేక, "సూర్యుడు ఇంజను వెనకాల ఉన్నప్పుడు ఆగితే ఇంకా బావుంటుందండి" అని ఒక ముక్క కలిపాను. అది కూడా రాసుకున్నారు.

మూడో రోజున ఉత్తర్వు నా కొట్లోకే జిరాక్సుకి వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, తదుపరి ఉత్తర్వులు వెలువడేంతవరకు ప్రతి పాసింజరు బండికి వంతెనపై కనీసం తొంభై నిమిషముల సంతృప్తి విరామము కల్పించవలెను. ఇంజనును వీలైనంత వరకు మార్చవలెను. సూర్యుని స్థానము గమనింపదగును." నలభై కాపీలు తీశాను. ప్రతి కాపీనీ మురిపెంగా చూసుకున్నాను.

ఆ నెల మాకు స్వర్గం. పొద్దున్నే అందరం గట్టు మీదకి చేరేవాళ్ళం. పాసింజరు వంతెన మీదకొచ్చి నిలబడేది. ఒకరోజు ఎర్ర ఇంజను, ఒకరోజు నీలం, ఒకరోజు బొగ్గు గూడ్సు లాగే రెండు ఇంజన్లూ కలిపి మా ఎనిమిది పెట్టెల పాసింజరుకి తగిలించారు. బండి లోపల జనం కిటికీల్లోంచి చేతులూపుతుంటే మేమూ ఊపేవాళ్ళం. వాళ్ళు పిడికిళ్ళు బిగించి ఊపుతున్నారని ఫోటోలు పెద్దవి చేసి చూశాక తెలిసింది. అయిదు నక్షత్రాలు కుప్పలుగా పడ్డాయి. ఒక్కొక్కరు రోజుకి ఎన్నిసార్లయినా ఫారం నింపవచ్చు గనుక సూచిక పదకొండు నుంచి ఎనభై ఎనిమిదికి ఎగబాకింది. దైవసహాయం గారు మాత్రం నన్ను చూసినప్పుడల్లా, "ఏం చేశారయ్యా బాబూ" అని తల పట్టుకునేవారు.

ఆ ఎనిమిది పెట్టెల్లో ఒకదాంట్లో మా ఆవిడ ఉందన్న సంగతి నేను మరిచిపోయాను. నిజం చెబుతున్నాను, ఒక్కరోజు కూడా గుర్తు రాలేదు.

ఒక సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి, హ్యాండుబ్యాగులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా కాఫీ కప్పు పక్కన పెట్టింది. అది నేను తీసిన జిరాక్సే. నా కొట్టు ముద్ర కూడా ఉంది.

"సూర్యుని స్థానం గమనించమని ఎవరు చెప్పారండీ?"

నేను కాఫీ వైపు చూశాను.

"నెలలో పంతొమ్మిది రోజులు లేటు. పిల్లలు ప్రార్థన అయిపోయి, రెండు పీరియడ్లు అయిపోయాక నాకు గుడ్మార్నింగ్ చెబుతున్నారు. పద్దెనిమిదో తారీకు సోమవారం జాయింట్ డైరెక్టర్ మేడమ్ ఇన్‌స్పెక్షన్. మొదటి గంటకి నేను గేటు దగ్గరుంటే హెడ్మిస్ట్రెస్ పోస్టు పర్మనెంటు. లేకపోతే జన్మలో రాదు. అంచేత నేను హాస్టల్లో గది తీసుకుంటున్నా. ఆదివారం వస్తా, పచ్చళ్ళు పెట్టి వెళ్తా. మీరు హాయిగా వంతెన చూసుకోండి."

ఇరవై రెండేళ్ళలో వకుళ లేకుండా ఆ ఇంట్లో నేను పడుకున్నది రెండు రాత్రులు. ఆ రెండు రోజులూ పాలు పొంగిపోయాయి.

"గది తీసుకోవద్దు. నీ రైలు నేను టైముకి తెప్పిస్తా" అన్నాను.

"మీరా?"

"నేనే."

"ఇరవై రెండేళ్ళుగా రైళ్ళు రైళ్ళని తిరుగుతున్నారు. సరే, ఒక్క రైలు నాకోసం తెప్పించండి చూద్దాం. పద్దెనిమిదిన వచ్చి, ఆ తర్వాత కూడా వస్తుంటే ఇక్కడే ఉంటా. రాకపోతే హాస్టలే. పదిహేడు సాయంత్రం చెప్పండి."

మర్నాడే గ్రూపులో అందరినీ బతిమాలాను. రెండు వందల పన్నెండు మందీ ఒక్కొక్క నక్షత్రం ఇచ్చి, "విరామం వద్దు" అని రాశారు. సూచిక అరవైకి పడిపోయింది. సంబరపడ్డాను. రెండు రోజుల్లో కొత్త ఉత్తర్వు జిరాక్సుకి వచ్చింది. "సంతృప్తి తగ్గుటకు కారణము విరామము యొక్క మోతాదు చాలకపోవుటేనని నిపుణులు అభిప్రాయపడినందున, విరామమును నూట నలభై నిమిషములకు పెంచడమైనది."

పరిగెత్తుకుంటూ విశ్వరూపం గారి దగ్గరికి వెళ్ళాను. పరిగెత్తడమంటే, నాలుగు గంటలు పాసింజరులో కూర్చున్నానన్నమాట. మొదటిసారి వంతెన మీద లోపలినుంచి కూర్చుని చూశాను. గట్టు మీద మావాళ్ళు చేతులూపుతున్నారు. నేను పిడికిలి ఊపాను.

"అయ్యా, విరామం వద్దండి. టైముకి వస్తే చాలు, అందరూ ఆనందిస్తారు" అన్నాను.

ఆయన జాలిగా నవ్వారు. "మీరు భావావేశంతో మాట్లాడుతున్నారు. మాకు ఆధారాలు కావాలి. బండి సమయానికి రావడం వలన ఎవరైనా అయిదు నక్షత్రములు ఇచ్చిన దాఖలా ఉందా?"

"బండి ఎప్పుడూ టైముకి రాదు కదండీ, ఇక ఎలా ఇస్తారు?"

"చూశారా? దాఖలా లేదు" అని ఫైలు మూసేశారు.

ఆ సాయంత్రం చయనులు గారింటికి వెళ్ళి కాళ్ళ మీద పడినంత పని చేశాను. "మాస్టారూ, ఒక్క దర్శనం రాయండి. పాసింజరు ఠంచనుగా ఏడూ పదికి వచ్చిందని. మీరు రాస్తే తక్కిన అందరూ నక్షత్రాలిస్తారు."

"వచ్చిందా?"

"రాలేదనుకోండి..."

"రానిది రాయమంటావా? నాచేత? తోడల్లుణ్ణి వెలేసినవాణ్ణయ్యా నేను!" ఆయన భార్య లోపల్నించి, "పాపం ఆ పిల్ల హాస్టల్లో తినాలిటండీ" అంది. చయనులు గారు చాలాసేపు కిటికీలోంచి పట్టాలు చూశారు. తర్వాత లేచి, బీరువా తీసి, పన్నెండో నోటుపుస్తకం పట్టుకొచ్చారు. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టి చదివారు.

"ఏడూ పదికి ఠంచనుగా వచ్చింది. నల్ల ఇంజను. సన్నని తుంపర. స్టేషన్ మాస్టారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. గార్డుగారు ఒక చేత్తో పచ్చజెండా ఊపుతూ రెండో చేత్తో ఇడ్లీ తింటున్నారు. ప్లాట్‌ఫారం చివర తెల్లమేక. మనసు నిండింది."

"ఎప్పటిది మాస్టారూ?"

"పంతొమ్మిది వందల ఎనభై ఏడు, జూలై పదిహేడు, శుక్రవారం. ఆ ఫారంలో తేదీ అడుగుతారా?"

ఫోను తీసి చూశాను. నక్షత్రాలు అడుగుతారు, అభిప్రాయం అడుగుతారు, ఫోను నంబరు అడుగుతారు. తేదీ అడగరు.

"అడగంది చెప్పక్కర్లేదు. ఇది నేను చూశాను, ఈ కళ్ళతో చూశాను" అని ఆయన ఒక్కొక్క అక్షరం నొక్కి పంపించారు. అయిదు నక్షత్రాలు. అది చూసి గ్రూపంతా కన్నీళ్ళు పెట్టుకుంది. రెండు వందల పదకొండు మంది దాని కింద అయిదేసి కుమ్మరించారు. మావాళ్ళకి అది ఎప్పటిదో తెలుసు, మనసారా ఇచ్చారు.

ఆఫీసు ఊగిపోయింది. ఇంత సంతృప్తి వాళ్ళు మునుపెన్నడూ చూడలేదు. ముగ్గురు నిపుణులతో కమిటీ వేశారు. ఆ ఉదయాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ సృష్టించి, ఆనందం ఎక్కడుందో తేల్చాలని నిర్ణయించారు. ప్రయోగానికి తేదీ ఎప్పుడు పెడదామని నన్నే అడిగారు. "పద్దెనిమిది, సోమవారం" అన్నాను. సరేనన్నారు. ఉత్తర్వు జిరాక్సుకి వచ్చేదాకా నేలమీద నిలవలేకపోయాను.

వచ్చింది. చదివాను. నల్ల ఇంజను ఒకటి, గొడుగు ఒకటి, ఇడ్లీలు రెండు, తెల్లమేక ఒకటి, తుంపర ఏర్పాటు. అంతే. టైము ఊసే లేదు.

దైవసహాయం గారి ఫోను లాక్కుని విశ్వరూపం గారికి చేశాను. "అయ్యా, ఏడూ పది అన్నది రాయలేదండి!"

"సమయపాలన వేరే శాఖ. మా శాఖ సంతృప్తి మాత్రమే. గొడుగు మా పరిధిలోకి వస్తుంది, గడియారం రాదు. బండి ఎప్పుడు వస్తే అప్పుడు తక్కిన అంశములు అమలగును."

ఫోను పెట్టేసి సిమెంటు బెంచీ మీద కూలబడ్డాను. అయిపోయింది, వకుళ వెళ్ళిపోతుంది, పాలు పొంగిపోతాయి. అప్పుడే మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకరు నడిపే వీర్రాజు దైవసహాయం గారి దగ్గరికొచ్చాడు. తుంపర ఏర్పాటు అతనిదే.

"మేష్టారండీ, ఓ మాట ముందే చెప్పేత్తున్నానండి. నేను ఏడూ అయిదుకొత్తాను, ఏడూ పావుకెల్లిపోతాను. ఆరో వార్డులో ఆడోళ్ళు బిందెలట్టుకుని లైన్లో ఉంటారండి. ఓ నిమిషం లేటయితే నన్ను చంపేత్తారు. మీ సంతుర్ప్తి నాకు తెల్దండి, ఆల్ల సంగతి తెలుసండి, ఆయ్!"

దైవసహాయం గారు ఈ మాట రైళ్ళు నడిపించే కంట్రోలు రూముకి చేరవేశారు. కంట్రోలు విశ్వరూపం గారికి చెప్పింది. అరగంటలో సవరణ ఉత్తర్వు దిగింది. "తుంపర లభ్యత ఏడూ అయిదు నుండి ఏడూ పదిహేను వరకు మాత్రమే ఉన్నందున, బండిని ఆ రోజుకు విరామము లేకుండా తుంపరకు అనుగుణముగా నడపవలెను."

పదిహేడో తారీకు సాయంత్రం ఆ కాగితం వకుళ చేతిలో పెట్టాను. అప్పటికే బ్యాగు సర్దుకుని గుమ్మంలో ఉంది. రెండుసార్లు చదివింది. లెక్కల టీచరు కదా, వేళ్ళమీద ఏదో లెక్కేసింది.

"ఈ ఆఫీసు మాట నేను నమ్మనండి. ఆరో వార్డు ఆడవాళ్ళ మాట నమ్ముతా" అని బ్యాగు లోపల పెట్టింది.

సోమవారం ఆరున్నరకే స్టేషన్లో ఉన్నాం. నల్ల ఇంజను దొరక్క కోటవరంలో తెల్లవారుజామున ఎర్ర ఇంజనుకే నల్లరంగు పూశారని తెలిసింది. టీకొట్టు తులసమ్మ తన మేక చిట్టిని ప్లాట్‌ఫారం చివర కట్టింది. దైవసహాయం గారు గొడుగు పట్టుకుని, "ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇది చూడాలా తండ్రీ" అని ఆకాశంలోకి చూస్తున్నారు. విశ్వరూపం గారు అదే తెల్ల సఫారీలో, చేతిలో ఇడ్లీల పొట్లంతో నిలబడ్డారు. బండి వెళ్ళేటప్పుడు గార్డుకి అందించాలట.

విచిత్రమేమిటంటే, ప్లాట్‌ఫారం మీద ప్రయాణికులు లేరు. మా ఊరికి ముందున్న ఇంకో వంతెన మీదా విరామం తీసుకుని ఏడూ పది పాసింజరు తొమ్మిదీ నలభైకి వస్తుందని ఊరందరికీ అలవాటైపోయింది. ఇళ్ళలో ఇంకా స్నానాలు చేస్తున్నారు. మా సంఘం సభ్యులూ లేరు. రైలు ఆగేది అక్కడేనని రెండు వందల పది మందీ వంతెన గట్టు మీద కెమెరాలు బిగించుకుని ఉన్నారు. స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తున్నది వకుళ, నేను, చయనులు గారు, మేక.

ఏడూ అయిదుకి వీర్రాజు గొట్టం విప్పాడు. తుంపర పడింది. ఏడూ ఎనిమిది. వకుళ వాచీ చూసుకుంది, నన్ను చూసింది. తొమ్మిది. వీర్రాజు, "ఇంకారు నిమిషాలేనండోయ్" అని అరిచాడు. అప్పుడు దూరంగా కూత వినిపించింది. చయనులు గారు నోటుపుస్తకం తెరవలేదు. కూత విని ఆయన రాయరు.

ఏడూ పదికి, పెద్దముల్లు రెండు మీద ఉండగా, నల్ల ఇంజను ప్లాట్‌ఫారం మీదకొచ్చి ఆగింది. తడి రంగు మీద తుంపర పడి నల్లటి నీళ్ళు చిమ్మి, విశ్వరూపం గారి తెల్ల సఫారీ మెడ నుంచి మోకాళ్ళ దాకా చుక్కలయింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా పొట్లం పట్టుకుని గార్డు పెట్టె దగ్గరికి పరిగెత్తారు.

"తినండి!"

"సోమవారం ఉపవాసమండి బాబూ" అన్నాడు గార్డు.

"ఇది ఉత్తర్వు! మింగనక్కరలేదు, నోటి దాకా తీసుకెళ్ళండి చాలు!"

గార్డు ఒక చేత్తో జెండా ఊపుతూ, రెండో చేత్తో ఇడ్లీని మూతి దగ్గర పట్టుకుని, కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. వకుళ ఖాళీ పెట్టె ఎక్కింది. కిటికీలోంచి నన్ను చూసి నవ్వింది. పెళ్ళిచూపుల్లో కూడా అలా నవ్వలేదు. బండి కదిలింది. చయనులు గారు అప్పుడు పుస్తకం తెరిచి, "ఏడూ పది. రైట్ టైమ్" అని రాసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, ఏడ్చాను.

ఆ రోజు వకుళ ఎనిమిదింటికే స్కూల్లో ఉంది. జాయింట్ డైరెక్టర్ మేడమ్ రాలేదు. ఆవిడ వచ్చే రైలుకి ఇంకో వంతెన మీద సంతృప్తి విరామం ఇచ్చారు. మధ్యాహ్నం ఒకటిన్నరకి చెమటలు కక్కుతూ వచ్చి, "పూలతిప్ప నుంచి మీరు టైముకెలా వచ్చారమ్మా?" అని అడిగారట. "మేక పుణ్యమండి" అందట వకుళ. ఆవిడ పకపకా నవ్వి, పోస్టు పర్మనెంటు చేస్తూ సంతకం పెట్టేశారట.

మూడు రోజుల తర్వాత కమిటీ నివేదిక జిరాక్సుకి వచ్చింది. ఆ ఉదయం బండి సమయానికి రావడం వలన మూడు వందల పన్నెండు మంది ప్రయాణికులకు రైలు తప్పిపోయిందట. వంతెనపై బండి ఆగకపోవడం వలన రెండు వందల పది మంది సంఘ సభ్యులు తీవ్ర నిరాశకు లోనయ్యారట. అందరూ ఒక్కొక్క నక్షత్రమే ఇచ్చారట. "కావున సమయపాలన ప్రయాణికులకు హానికరమని రుజువైనది. ఇకపై దీనిని ఎట్టి పరిస్థితుల్లోనూ ప్రయత్నించరాదు. అయితే తెల్లమేక విషయమై ఒక్క ఫిర్యాదు కూడా అందనందున, సదరు మేక సేవలను శాశ్వత ప్రాతిపదికన కొనసాగించవలెను. మేక పొద్దున ఏడూ పదికి, సాయంత్రం అయిదూ ఇరవైకి తప్పనిసరిగా విధులకు హాజరు కావలెను."

వకుళకి చూపించాను. ఆవిడ చివరిదాకా చదివింది. లోపలికి వెళ్ళి, సర్ది ఉన్న బ్యాగు తెచ్చుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "పాలు స్టవ్వు మీద పెట్టి గ్రూపు చూడకండి" అంది. అంతే.

ఇప్పుడు ఆవిడ శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం ఉండి వెళ్తుంది. నేను శనివారం నాలుగున్నరకే కొట్టు కట్టేసి ప్లాట్‌ఫారం మీద నిలబడతాను. మొన్నా అలాగే నిలబడ్డాను. చయనులు గారు బెంచీ మీద ఉన్నారు. తులసమ్మ మేకని తోలుకొచ్చి, మెడలో పచ్చగుడ్డ సర్ది, దాని చోట నిలబెట్టింది. దూరంగా వంతెన మీద పాసింజరు ఆగి ఉంది. దాని లైటు ఇక్కడికి కనిపిస్తోంది. ఫోను మోగింది. వకుళ.

"ఆగిందండీ. సూర్యుడు సరిగ్గా ఇంజను వెనకాలున్నాడు. ఎక్కడిదో పచ్చ ఇంజను, ఎప్పుడూ చూడలేదు. నంబరు చెప్పనా?"

"నంబరొద్దు. నువ్వు రా" అన్నాను.

"ఈ మాట ఇరవై రెండేళ్ళకొచ్చింది. ఇదీ లేటే" అని నవ్వి పెట్టేసింది.

వెంటనే ఫోనులో ఆఫీసు వారి సందేశం వచ్చింది. మీ బండి ఇప్పుడు సంతృప్తి విరామంలో ఉంది, మీరెంత ఆనందించారో తెలుపగలరు అని. ఫోను జేబులో పెట్టేసుకుని చయనులు గారి పక్కన కూర్చున్నాను. ఆయన యాభై ఏళ్ళుగా చూడనిది రాసినవారు కారు. వాచీ చూసుకుని, ప్లాట్‌ఫారం చివరకి ఒకసారి పరిశీలనగా చూసి, నలభై నాలుగో పుస్తకంలో నెమ్మదిగా రాస్తున్నారు. తొంగి చూశాను.

"అయిదూ ఇరవై. మేక. రైట్ టైమ్."